ఒక ప్రతి ఆదోనిలో, ఒక ప్రతి ఎమ్మిగనూరులో

పత్తికొండ ప్రాంతమునందలి రాజులమందగిరి గ్రామమున, రామలింగేశ్వరుని గుడి చెంతనున్న బండపై, అశోకచక్రవర్తి నాటి బ్రాహ్మీలిపి శాసనమొకటి కలదు. ఇరువదిరెండు శతాబ్దములకు మించి యెండవానలకు గుఱియై దాని యక్షరములు చాలవఱకు అరిగిపోయినవి. అయినను పండితులు దాని పాఠమును నిర్ణయింపగలిగిరనిన, అందులకు హేతువు ఆ శిలయొక్క దార్ఢ్యము గాదు. దాదాపు అవే వాక్యములు అదే కర్నూలు సీమయందలి ఎఱ్ఱగుడి కొండరాళ్లపై మఱియొకసారి చెక్కబడి, 1928-29 ప్రాంతమున పండితలోకమునకు తెలియవచ్చుటయే. గాంధారము మొదలు కర్ణాటకము వఱకు రాజ్యము కలవాడయ్యు, ఎంతటి గట్టి రాతినైనను తెప్పించుకొనగలవాడయ్యు, ఆ చక్రవర్తి తన మాటను ఒకే రాతికి అప్పగించి నిశ్చింతగా నుండలేదన్నదే మనకు ప్రస్తుతము.

సొంత దస్త్రములను దాచుకొనుటకు పోర్టబుల్ హార్డ్ డిస్కు కొనదలచి ఆదోని బజారులో అడుగుపెట్టినవాడు సాధారణముగా అడుగు ప్రశ్న ఒక్కటే: “అన్నా, ఏ కంపెనీది బాగుంటాదన్నా?” ఈ ప్రశ్నకు ఉత్తరము చెప్పుట సులభము. నేడు లోకమున తిరుగుడు పలకల హార్డ్ డిస్కులు తయారుచేయు సంస్థలు మూడే మిగిలినవి: సీగేట్, వెస్టర్న్ డిజిటల్, తోషిబా. ఇవి మూడును పనికివచ్చునవే, మూడును ఒకనాడు చెడునవే. కావున ఒక మేలైన డిస్కును వెదకుటలో దినములు గడపుటకంటె, సామాన్యమైన డిస్కులు రెండు కొని, వానిని రెండు వేఱు చోట్లనుంచుట వివేకమని నా యభిప్రాయము. అమెరికా దేశపు ఛాయాగ్రాహకుడు పీటర్ క్రోగ్ ఈ శతాబ్దారంభమున ఫోటోల భద్రతను గూర్చి వ్రాయుచు చేసిన సూత్రమును నేడు కంప్యూటరు వృత్తివారందఱును అంగీకరించుచున్నారు: ప్రతులు మూడు, అవి నిలుచు సాధనములు రెండు రకములవి, అందొక ప్రతి యింటికి వెలుపల. ఇంటిలోని కంప్యూటరులో నొకటి, బీరువాలోని డిస్కులో నొకటి, పొరుగూరి బంధువుల యింటిలో నొకటి యనిన లెక్క సరిపోవును.

పొరుగూరు ఎందులకని సందేహించువారు 2009వ సంవత్సరము అక్టోబరు మొదటి దినములను జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. ఆ దినములలో తుంగభద్ర పొంగి మంత్రాలయము నీట మునిగినది. 2వ తేదీన తుంగభద్రా హంద్రీ నదుల జలములు కర్నూలు నగరమును ముంచివేసినవి. పై యంతస్తులకెక్కి ప్రాణములు దక్కించుకొన్నవారు అనేకులు, దిగివచ్చి చూచుకొనునప్పటికి, బీరువాలలోని చదువు పట్టాలు, భూమి కాగితములు, పెండ్లి ఫోటోలు బురదముద్దలై యుండినవి. ఒకే బీరువాలో అసలునకు ప్రక్కనే నకలు పెట్టుకొన్నవానికి ఆ నకలువలన కలిగిన ప్రయోజనము సున్న. వరద కాగితమును మాత్రమే కోరునని తలపరాదు: సరిగా రెండేండ్లకు, 2011 అక్టోబరులో, థాయిలాండు దేశమున వచ్చిన వరదలలో హార్డ్ డిస్కుల కర్మాగారములే మునిగి, ప్రపంచమంతట డిస్కుల ధరలు కొన్ని మాసములపాటు ఆకాశమంటినవి.

ఆదోనికిని ఎమ్మిగనూరునకును నడుమ దూరము సుమారు ముప్పది కిలోమీటర్లు. ఒకటి కొండకోట నీడన పత్తి వ్యాపారముతో పెరిగినది. రెండవది మగ్గముల చప్పుడుతో పెరిగి, తుంగభద్రకు దగ్గఱగా నున్నది. ఒక్క వరదగాని, ఒక్క అగ్నిప్రమాదముగాని, ఒక్క దొంగగాని రెండు పట్టణములలోని రెండిండ్లను ఒకే రాత్రి తాకుట అరుదు. అక్కయిల్లు ఇచట, తమ్మునియిల్లు అచట గల కుటుంబములు ఈ సీమలో కోకొల్లలు. పండుగకు పోవునప్పుడెల్ల సంచిలో నొక డిస్కు వేసికొనిపోయి, అచటి డిస్కును వెంట తెచ్చుకొని, దానిలో క్రొత్త దస్త్రములను చేర్చి, మరుసటి పండుగకు మార్చుకొన్నచో, ఎంతో ధనము వెచ్చించి బ్యాంకులు చేసికొను ఏర్పాటు ఆర్టీసీ బస్సు టికెట్టు ఖర్చుతో సిద్ధించును.

ఇక నేమి దాచవలెనన్న విచారణ. ఆదోని మార్కెట్ యార్డు చుట్టునున్న కమీషన్ కొట్లలో ఎఱ్ఱ గుడ్డ చుట్టిన లెక్కల పుస్తకము స్థానమున కంప్యూటరులోని ట్యాలీ లెక్కలు వచ్చి చాలకాలమైనది. ఒక యేటి లెక్కలు వేలెడు జాగాలో ఇముడును; కాని అవి పోయినచో బాకీదారులందఱును ఒక్కదినమున ఋణవిముక్తులగుదురు. ఎమ్మిగనూరున పద్మశ్రీ మాచాని సోమప్పగారు 1938లో నెలకొల్పిన చేనేత సహకార సంఘము వలన ఆ యూరి దుప్పట్ల పేరు దేశమంతట ప్రాకినది. నేతవారు జకార్డు మగ్గమునకు కట్టు రంధ్రముల అట్టలు నిజమునకు డిస్కులకు పూర్వజులే, ఏలననగా ఏ పడుగుపోగు లేవవలెనో ఏది లేవరాదో ఉన్న రంధ్రము, లేని రంధ్రము అను రెండు గుర్తులతో వ్రాసిపెట్టుట, నేడు డిస్కు చేయుచున్న పనియును, ఒకే జాతివి. అట్ట చినిగినచో కన్ను చూచి వేఱొకటి పొడువవచ్చును. డిస్కులోని గుర్తులు చెడినచో కంటికి కనబడదు. పంటకోతల సుగ్గికని గుంటూరు, తెలంగాణ ప్రాంతములకు వలసపోవు కోసిగి, మంత్రాలయము పల్లెలవారికి సైతము నేడు బిడ్డల ఫోటోలు, ఆధార్ నకళ్లు, బ్యాంకు పుస్తకపు చిత్రములు అన్నియు ఒక సెల్‌ఫోనులోనే యున్నవి. ఆ ఫోను బస్సులో జారిపోయిన క్షణమున సమస్తమును పోవును.

ఎంత పరిమాణముగల డిస్కు కొనవలెనన్నది లెక్కవేసి తెలిసికొనదగినది. సెల్‌ఫోనుతో తీసిన ఫోటో ఒకటి 3 నుండి 5 ఎంబీ యుండును. అనగా వేయి ఫోటోలకు 4 జీబీ. కావున ఇరువదివేల ఫోటోలున్న కుటుంబమునకును 80 జీబీ చాలును. జాగాను మ్రింగునది వీడియో: 4కే వీడియో ఒక నిమిషమునకు 170 నుండి 350 ఎంబీ వఱకు పట్టును. సామాన్య కుటుంబమునకు 1 టీబీ డిస్కు కొన్నియేండ్లు సరిపోవును. చవుకగా వచ్చునేని 2 టీబీ మేలు. పెండ్లి ఫోటోలు తీయు స్టూడియోవారి సంగతి వేఱు. పెద్ద కెమెరాలో రా పద్ధతిని తీసిన చిత్రమొకటి 25 నుండి 50 ఎంబీ యుండును గనుక, మూడువేల చిత్రములు తీసిన పెండ్లి ఒక్కటే నూఱు జీబీకి చేరును. వారు 4 లేదా 5 టీబీ డిస్కులను జంటగా కొనవలసినదే. డిస్కు తెచ్చి తగిలించినపుడు 1 టీబీకి బదులు 931 జీబీ మాత్రమే కనబడినచో, దుకాణదారుడు మోసగించెనని కలహమునకు పోరాదు. తయారీదారులు వేయితోడను, విండోస్ 1024తోడను హెచ్చించుటచే కలిగిన భేదమిది.

డిస్కు పనిచేయు తీరు కొంత తెలిసినచో దానిని పట్టుకొను తీరు మాఱును. 1956లో ఐబీఎం సంస్థ అమ్మిన ప్రథమ హార్డ్ డిస్కు యంత్రమునందు రెండడుగుల వ్యాసముగల పలకలు ఏబది యుండినవి. అది ఒక టన్ను బరువు తూగినది. అందు పట్టినది 5 ఎంబీకి లోపే, అనగా నేటి సెల్‌ఫోను ఫోటో ఒక్కటి. నేడు చొక్కాజేబులో నిముడు రెండున్నర అంగుళముల డిస్కులోను తత్త్వము అదే: అయస్కాంతపు పూతగల పలకలు నిమిషమునకు 5,400 చుట్లు తిరుగుచుండ, వాని పైని వ్రాయు చదువు తల గాలిపొరపై తేలియాడును. పలకకును తలకును గల యెడము కొన్ని నానోమీటర్లు మాత్రమే. మనిషి వెండ్రుక మందము దానికి పదివేలరెట్లకు మించినది. నేలకు గోరంత యెత్తున విమానము ఎగురుచున్నట్లు ఊహించుకొనుడు. తిరుగుచున్న డిస్కు బల్లపైనుండి జారిపడినచో తల పలకను గీచును, గీచినచోట వ్రాత పోవును. ఆగియున్న డిస్కునకు ఇంత భయము లేదు. అప్పుడు తల తన స్థానమునకు చేరి విశ్రమించును. కావున పని ముగియగనే కంప్యూటరునకు చెప్పి విడదీసి, పలకలు ఆగిన పిదప మాత్రమే కదపవలెను.

పలకలే లేని ఎస్‌ఎస్‌డీ అను రెండవ జాతి యిప్పుడు విరివిగా దొరకుచున్నది. ఇందు కదలు భాగమేదియు లేదు. చేయిజారినను సాధారణముగా బ్రదుకును. వేగము మూడు నాలుగు రెట్లు, అంతకు మించియు నుండును. 500 జీబీని మంచి తీగెతో హార్డ్ డిస్కునకు ఎక్కించుటకు గంటకు పైగా పట్టునెడ, సామాన్యమైన ఎస్‌ఎస్‌డీకి ఇరువదినిమిషములు చాలును. ధర మాత్రము అదే పరిమాణమునకు గణనీయముగా హెచ్చు. దీనియందు దోషమొకటి కలదు, దుకాణములలో దానిని ఎవ్వరును చెప్పరు. ఇందు వ్రాత విద్యుత్కణముల రూపమున బంధింపబడియుండును. విద్యుత్తు తగులక యేండ్లతరబడి మూల పడియున్నచో, విశేషించి వేడిగానుండు గదిలో, ఆ కణములు మెల్లమెల్లగా కాఱిపోవును. వాడి వాడి తన వ్రాతశక్తి ముగిసిన ఎస్‌ఎస్‌డీ విద్యుత్తు లేక 30 డిగ్రీల వేడిమియందు ఒక యేడు వ్రాతను నిలుపవలెనన్నది అంతర్జాతీయ ప్రమాణసంస్థ విధించిన నియమము. క్రొత్తది అంతకంటె చాలకాలము నిలుపును. అయినను నిత్యము చేతబట్టి తిరుగువానికి ఎస్‌ఎస్‌డీ, బీరువాలో దాచువానికి హార్డ్ డిస్కు అని నేను చెప్పుదును.

వేడిమి మాట వచ్చినది గనుక మన యెండలను మఱువరాదు. చాల పోర్టబుల్ డిస్కులకు తయారీదారు విధించిన పనిచేయు వేడిమి 5 నుండి 35 డిగ్రీల వఱకే. మే మాసమున ఆదోనిలో నీడపట్టుననే నలువది దాటును. మధ్యాహ్నపువేళ రేకుల షెడ్డులో గంటలతరబడి ప్రతులు తీయుట డిస్కునకు శిక్ష. తెల్లవాఱుజామునగాని రాత్రిగాని ఆ పని పెట్టుకొని, డిస్కును గుడ్డలపై గాక గట్టి బల్లపై గాలియాడునట్లు ఉంచవలెను. అద్దములు మూసి యెండలో నిలిపిన కారులో దానిని వదలుట చేయరాని పని. జిన్నింగు మిల్లుల ప్రక్కన నివసించువారికి దూదిదుమ్ము విషయము తెలిసినదే. గట్టి మూతగల చిన్నపెట్టె యొకటి చాలును.

తగిలించు తీగెను గూర్చి: డిస్కు ఎంత వేగముగలదైనను పాత యూఎస్‌బీ 2.0 రంధ్రమునకు తగిలించినచో పై చెప్పిన 500 జీబీకి గంటకు మాఱు నాలుగు గంటలు పట్టును. కంప్యూటరులో నీలిరంగు నాలుకగల రంధ్రమున్నచో సాధారణముగా అది యూఎస్‌బీ 3.0, దానినే వాడవలెను. డిస్కుతో వచ్చిన తీగెను ఫోను ఛార్జీకని ఇచ్చి పోగొట్టుకొనరాదు. నేటి పోర్టబుల్ డిస్కులు పెక్కింటిలో తీగె తగులు ముక్క లోపలి బోర్డునకే అతుకబడియున్నది గనుక, అది విఱిగినచో లోని డిస్కును వెలికితీసి వేఱొక కేసులో అమర్చుకొను వీలు లేదు. మూడేండ్ల వారంటీ ఉన్నదిగదా యని ధైర్యపడువారికి ఒక మాట: వారంటీ క్రింద వారిచ్చునది మఱియొక డిస్కు, అందలి మీ పెండ్లి ఫోటోలు ఆ వారంటీలో లేవు.

అంతర్జాలపు అంగళ్లలో వేయి రెండువేల రూపాయలకు 16 టీబీ ఎస్‌ఎస్‌డీ యని ప్రకటనలు కనబడును. అది నిస్సంశయముగా మోసము. లోపల నుండునది చిన్న మెమరీకార్డు. తన పరిమాణమును గూర్చి కంప్యూటరునకు అబద్ధము చెప్పునట్లు దానికి నేర్పియుందురు. మొదటి కొన్ని జీబీలు చక్కగా ఎక్కును, పిమ్మట ఎక్కినట్లు కనబడుచు, పాతవానిపైనే క్రొత్తవి పడి అన్నియు నాశనమగును. పేర్లు మాత్రము తెరపై నుండును, తెఱచిన శూన్యము. ఏ డిస్కునైనను కొన్న దినముననే ఉచితముగా దొరకు హెచ్2టెస్ట్‌డబ్ల్యూ వంటి సాధనముతో చివరి అంచువఱకు వ్రాయించి, తిరిగి చదివించి చూచినచో నిజము బయటపడును. ఒక రాత్రి పట్టినను పట్టనిండు.

డిస్కు కొనుట సగము పని. దానియందు ప్రతి చేయుటలో మనవారు ఎక్కువగా పొరపడుచోటు ఒకటి కలదు. ఫోను నిండినదని ఫోటోలనన్నింటిని డిస్కునకు తరలించి, ఫోనులోనివి తుడిచివేసి, బ్యాకప్ చేసితిమని సంతోషింతురు. అది ప్రతి గాదు, మకాము మార్పు. అసలు నొకచోట నుండగా రెండవచోట నుండునదే ప్రతి. విండోస్‌లో ఫైల్ హిస్టరీ, ఆపిల్ యంత్రములలో టైమ్ మెషీన్ అను సాధనములు ముందుగనే యున్నవి. వానిని వాడుట తెలియనివారు తేదీ పేరుతో నొక ఫోల్డరు చేసి అందు అతికించినను చాలును. ఎఫ్‌ఏటీ32 అను పాత పద్ధతిని అమర్చిన డిస్కులో 4 జీబీకి మించిన ఫైలు ఎక్కదు. పెండ్లి వీడియో ఎక్కకున్నచో కారణము తఱచుగా నిదియే. ఎన్‌టీఎఫ్‌ఎస్ లేదా ఎక్స్‌ఫ్యాట్ పద్ధతికి మార్చుకొనవలెను, అదియు డిస్కు ఖాళీగా నున్నపుడే.

2017 మే 12న వాన్నక్రై అను దుష్టక్రమణిక ప్రపంచమంతట వ్యాపించి, కంప్యూటరులలోని దస్త్రములకు తాళములు బిగించి సొమ్ము అడిగినపుడు, ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖ కంప్యూటరులును కొన్ని దానివాత బడినవి. ఇట్టి క్రమణిక కంప్యూటరునకు తగిలియున్న బయటి డిస్కును సైతము విడిచిపెట్టదు. రాత్రింబగళ్లు తగిలించి యుంచిన డిస్కు ఈ కారణముచేత నిజమైన రక్షణ గాదు. పని యైన వెంటనే ఊడదీసినదే రక్షణ. తాళము మనమే వేసికొనుట యన్నది వేఱు. ఆధార్, బ్యాంకు కాగితములు గల డిస్కును పొరుగూరిలో నుంచునపుడు బిట్‌లాకర్ వంటి సాధనముతో సంకేతపదము పెట్టుట మంచిదే, అయితే ఆ సంకేతపదమును మఱచినచో తయారీదారుడు సైతము తెఱవలేడు. దాని పునరుద్ధరణ అంకెలను కాగితముపై వ్రాసి, ఆదోని డిస్కువి ఎమ్మిగనూరున, ఎమ్మిగనూరు డిస్కువి ఆదోనిలో నుంచవలెను.

గూగుల్ ఉచితముగా నిచ్చు 15 జీబీని మూడవ యాసరాగా వాడుకొనవచ్చును. ముఖ్యమైన కాగితములకు అది చాలును. అంతర్జాలమున నున్నది శాశ్వతమని మాత్రము నమ్మరాదు. వేలకొలది తెలుగు గ్రంథములను చిత్రములుగా తీసిపెట్టిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా జాలస్థలము ఆగిపోయిన తరువాతను ఆ గ్రంథములలో అనేకములను మన మీనాడు చదువుచున్నామనిన, వాని ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో నుండుటచేతనే.

లక్షలకొలది డిస్కులను నడుపు బ్యాక్‌బ్లేజ్ అను అమెరికా సంస్థ యేటేట ప్రకటించు లెక్కలలో, 2023వ సంవత్సరమున చెడిన డిస్కులు నూటికి 1.4 వంతున నున్నవి. అవి చల్లని గదులలో కదలక పనిచేయు పెద్దడిస్కులు. బస్సులలో ఊగి, యెండకు కాగు మన డిస్కుల పాలు ఇంతకంటె హెచ్చే యగును. ఆ లెక్కనే తీసికొన్నను, ఒకదానికొకటి సంబంధము లేని రెండు డిస్కులు ఒకే యేట చెడు అవకాశము పదివేలలో రెండు. రెండింటిని ఒకే దుకాణమున, ఒకే దినమున, ఒకే పెట్టెలోనివి కొన్నచో ఆ సంబంధరాహిత్యము కొంత సడలును గనుక, ఒకటి నేడు కొని, రెండవది కొన్ని నెలల పిదప వేఱు కంపెనీది కొనుట మంచిది. ఏడాదికొకసారి రెండింటిని తగిలించి, నాలుగైదు ఫైళ్లను నిజముగా తెఱచి చూడవలెను. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అను ఉచిత సాధనము డిస్కు తన యారోగ్యమును గూర్చి తానే వ్రాసికొనిన లెక్కను చూపును. టకటకమను చప్పుడు వినబడినచో మఱల మఱల తగిలించి పరీక్షింపక, వెంటనే ఆపి, రెండవ ప్రతినుండి మూడవది చేసికొనవలెను.

అయిదాఱేండ్లు వాడిన డిస్కును పక్కకు పెట్టి క్రొత్తది కొనుట మితవ్యయమునకు విరుద్ధము గాదు. పాతదానిని అదనపు ప్రతిగా నుంచుకొనవచ్చును. అమ్మదలచినచో, లేదా పాతసామాను బండివానికి వేయదలచినచో, డిలీట్ మీట నొక్కుట చాలదు. అది విషయసూచికలోని పేరును మాత్రమే కొట్టివేయును, లోని వ్రాత అట్లే నిలిచి, ఎఱిగినవాని చేతికి దొరకును. విండోస్‌లో ఫార్మాట్ చేయునపుడు ‘క్విక్’ అన్న గడిలోని గుర్తును తీసివేసి నడిపినచో, డిస్కు మొదటినుండి తుదివఱకు సున్నలతో నిండును. 1 టీబీ డిస్కునకు ఈ పని రెండు మూడు గంటలు సాగును. కరెంటు పోని వేళ చూచుకొని మొదలుపెట్టవలెను.